కడిగినా పోని పసుపు

ఏ పెళ్ళింట్లో నలుగు పెడుతున్నా నాకు పలాస స్టేషన్ కుళాయే గుర్తొస్తుంది. అక్కడ ఒకమ్మాయి నా సబ్బు అడిగి తీసుకుని అరచేతుల పసుపు తెగ రుద్దుతోంది.

ఊరుకోలేక అడిగాను. "పెళ్ళి పసుపు అలా కడిగేత్తన్నావేటమ్మా?"

"విశాఖపట్నంలో వీసాకి వేలిముద్రలు తీసుకుంటారు పిన్నీ. పసుపు సూసి నాకు పెళ్ళయిపోయిందనుకుంటే?"

వాళ్ళమ్మ కెనడాలో ముసలివాళ్ళని చూసుకునే పనిలో ఉందట. కూతుర్ని కూడా అక్కడే ఉండనివ్వమని దరఖాస్తు పెట్టింది. ఇరవై నిండిన పిల్లయినా పరవాలేదు గానీ, పెళ్ళయితే మాత్రం రానివ్వరట.

"మాయమ్మని ముట్టుకుని పదేళ్ళయింది," అంది.

"మరి ఈ పసుపెవరిది?"

"మా బావది. మా రేవు ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ ఒక్క ముహూర్తానికే పిన్నీ, మళ్ళీ మూడేళ్ళకే. నన్నే సేసుకుంటానన్నోడు, ఇప్పుడు కాదంటే అన్నాళ్ళు ఆగలేనన్నాడు. నిన్న ఇంకో పిల్లని సేసుకున్నాడు. వరసైనదాన్ని కదా, నలుగు నేనే ఎట్టాను."

రైలొచ్చేసింది. తడి చేతులు నా ముందు చాపి, "పోయిందా?" అంది.

గీతల్లో ఇంకా పచ్చగానే ఉంది. "పోలేదమ్మా," అన్నాను.

సబ్బు నా చేతిలో పెట్టేసి, రెండు గుప్పిళ్ళూ మూసుకుని రైలెక్కింది.