బస్సు అన్న మాటకు అర్థం

నా చిన్నప్పుడు కొల్లాపూర్ బస్టాండులో సీటు పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి దస్తీ, అంటే చేతిరుమాలు, విసరాలి. అది ఏ సీటు మీద పడితే ఆ సీటు దస్తీ గలవారిది. తలుపు దగ్గర ఎంత తోపులాట జరిగినా ఆ హక్కును ఎవరూ కాదనేవారు కాదు. పదేళ్లకే నేను ఆ విద్యలో ఆరితేరాను.

ఆ ఏటి వేసవిలో ఒకనాడు మా తాతయ్యతో మా ఊరు నాగర్‌కర్నూల్‌కు తిరిగి వస్తున్నాను. తాతయ్య బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. మోకాళ్ల నొప్పులతో మెల్లగా నడిచేవారు కనుక దస్తీ వేసే పని నాది. ముందునుంచి మూడో వరుసలో, ఇద్దరు పట్టే సీటు మీద అది సరిగ్గా పడింది. నేను జనంలో దూరి పైకెక్కేసరికి అక్కడ ఒక తల్లి కూర్చుని ఉంది. ఒళ్లో నాలుగేళ్ల పిల్లవాడు కళ్లు మూసుకుని పడుకున్నాడు.

"ఇది మా సీటు. దస్తీ ఏసిన" అన్నాను.

"నల్లమల గూడెం నుంచొచ్చినం బిడ్డా, గా సంగతి తెల్వదు. మూడొద్దుల సంది పిల్లగానికి జరం ఇడుస్తలేదు, దవాఖానకు పోతున్నం" అన్నది ఆమె.

వెనక సీటులోని మనిషి నా పక్షాన పలికాడు. "దస్తీ ఏసినోళ్లదే సీటు, లెవ్వమ్మా."

ఆమె లేచింది. పిల్లవాడి తల ఆమె భుజం మీద వాలిపోయింది. నేను కూర్చున్నాను.

తాతయ్య ఎక్కి, ఆమెను, నన్ను చూశారు. కోప్పడలేదు. నిలబడే అడిగారు.

"నువ్వెక్కిన దీన్ని ఏమంటరు బిడ్డా?"

"బస్సు."

"గా మాట ఎక్కడిదో తెల్సా?"

తెలియదన్నాను. లాటిన్ భాషలో ఆమ్నిబస్ అనే మాట ఉందనీ, దానికి 'అందరి కొరకు' అని అర్థమనీ చెప్పారు. ఫ్రాన్స్ దేశంలో గుర్రాల బండికి ఆ పేరు పెట్టారట. దొరలకే కాక, దారిలో నిలిచిన ప్రతివారికీ చోటిచ్చే బండి అది. తరువాత ఇంగ్లీషువాళ్లు పలకడానికి బద్ధకించి ముందు భాగం కోసేసి, తోకను మాత్రం ఉంచుకున్నారట.

"బస్సులనే బడి పెట్టిండ్రా సారూ?" అన్నాడు వెనక మనిషి. అందరూ నవ్వారు.

"పెట్టిన. నీకు పరీక్ష గూడ ఉంది. ముందుగాల దారిల పెట్టిన నీ మూట జరుపు" అన్నారు తాతయ్య.

ఆ నవ్వుల మధ్య నేను లేచాను. లెమ్మని నాకెవరూ చెప్పలేదు. ఆమె పిల్లవాణ్ణి సీటు పొడుగునా పడుకోబెట్టుకుని కూర్చున్నది. తాతయ్య పై కడ్డీ పట్టుకుని, ఒక కాలి బరువు మరో కాలి మీదికి మార్చుకుంటూ నిలబడ్డారు. ఊరు దాటాక ఆమె పిల్లవాడి కాళ్లు దగ్గరికి లాక్కుని, "కూసో పెద్దయ్యా" అని చోటిచ్చింది. మిగిలిన దారంతా ఆ కాళ్లు తాతయ్య ఒళ్లోనే ఉన్నాయి.

నాగర్‌కర్నూల్‌లో దిగి, ఇంటికి పోకుండా వాళ్లతో దవాఖానకు నడిచాము. పిల్లవాణ్ణి చేర్చుకున్నారు. రెండు రోజుల తరువాత తాతయ్య నన్ను మళ్లీ తీసుకెళ్లారు. పిల్లవాడు మంచం మీద కూర్చుని పాలలో బన్ను ముంచుకుని తింటున్నాడు. నన్ను చూసి నవ్వి, తడిసిన ముక్క ఒకటి నా వైపు చాచాడు. తన తల్లిని నిలబెట్టి నేను కూర్చున్న ఆ నాలుగైదు నిమిషాలు వాడికి తెలియవు. నాకు మాత్రం ఇప్పటికీ తెలుసు.