మా వదిన పరుగు

మా వదిన ఎక్కడా మడమలు ఆనించి నిలబడేది కాదు. పొయ్యి దగ్గరైనా, మిరప చేలోనైనా మునివేళ్ళ మీద కొద్దిగా ఊగుతూ ఉండేది. చీరాలలో హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు జిల్లా పరుగు పందేల్లో గెలిచిన మనిషి. ఎనభైల మొదట్లో మా అన్నను చేసుకుని నల్లపాడు వచ్చింది.

వచ్చిన నెలకే మా అమ్మను అడిగింది. "అత్తయ్యా, తెల్లారుజామున స్కూలు గ్రౌండులో నాలుగు రౌండ్లు పరిగెత్తొస్తాను. పనికేం లోటు రానివ్వను."

అమ్మ విరగబడి నవ్వింది. "పొద్దస్తమానం చేలో వంగి కాయలు కోస్తన్నావు గదే, ఆ కసరత్తు చాలదా?"

అన్న నవ్వలేదు. "పెళ్ళైనదానివి రోడ్డెక్కి పరుగులు తీస్తే నా పరువేం గాను?" అన్నాడు.

నేను మాత్రం రోజూ అదే గ్రౌండులో వాలీబాల్ ఆడుతూనే ఉన్నాను.

ఆ ఏడు చర్చి వార్షికోత్సవంలో ఆడవాళ్ళకు పరుగు పందెం పెట్టారు. పాస్టరుగారు పిలిస్తే వదిన కొంగు బిగించి దిగింది. సగం దూరానికే అందరినీ దాటేసింది. అంతలో జనంలోంచి అన్న "ఏయ్!" అని కేకపెట్టాడు. వదిన ఉన్నచోటే ఆగిపోయింది. వెనకున్న ఆడవాళ్ళంతా ఆమెను దాటుకుంటూ వెళ్ళారు.

ఏళ్ళు గడిచాయి, ఇద్దరు పిల్లలు పుట్టారు. చేలో వంగి వంగి వదిన నడుము పోయింది, మోకాళ్ళు వాచాయి. గుంటూరులో డాక్టరుగారు రోజూ నడవమన్నారు. మర్నాడు అన్నే గ్రౌండుకు తీసుకెళ్ళాడు, నేనూ వెంట వెళ్ళాను. ఒక్క రౌండు పూర్తికాకుండానే వదిన కూలబడింది.

"లే, ఎవరూ ఏమీ అనుకోర్లే" అంటూ అన్న చెయ్యందించాడు.

"నా వల్ల కాదండి" అంది వదిన.

ఆ మాట ఆమె నోట వినడం నాకదే మొదలు.