మా జువాలజీ సార్ నడక

మా జువాలజీ సార్ పోయారని సోమవారం పొద్దున ఆయన భార్య ఫోన్ చేశారు. సార్‌కి వ్యాయామం చేయించడానికి నేను వాళ్లింటికే బయలుదేరుతున్నాను. "ఇక రానక్కర్లేదమ్మా" అన్నారు మేడమ్.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో సార్ మాకు పాఠాలు చెప్పేవారు. గుంటూరు వైపు మనిషి. మంచి ఎత్తు, దానికి తగ్గ లావు. మెట్లెక్కి వచ్చి కాసేపు బల్ల పట్టుకుని నిలబడేవారు. వెనక బెంచీలో ఎవరో ఏనుగు అని గొణిగితే కోప్పడలేదు. ఏనుగు ఎందుకు గెంతలేదో చెప్పమన్నారు. తర్వాత ఆయనే చెప్పారు. ఒళ్లు అన్నివైపులా రెట్టింపైతే బరువు ఎనిమిదింతలవుతుంది, ఎముక బలం నాలుగింతలే పెరుగుతుంది. అందుకే అది పిల్లిలా కాళ్లు ముడిచి నడవదు, స్తంభాల్లా నిటారుగా పెట్టుకుంటుందని తనే నడిచి చూపించారు. మేం నవ్వాం. ఆయనా నవ్వారు. "ఎలుక మేడ మీంచి పడినా దులుపుకుని పోతుంది. గుర్రం పడితే లేవదు" అనేవారు.

నాకు డాక్టర్ సీటు రాలేదు. ఫిజియోథెరపీ చదివాను. పోయిన ఏడు ఎల్‌బీ నగర్‌లో సార్ మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరిగిందని విన్నాను. ఆపరేషన్ అయ్యాక బడంగ్‌పేట్‌లో వాళ్లింటికి వెళ్తే గుర్తుపట్టారు.

"నడిపిస్తావా అమ్మా?" అని అడిగారు.

"నడిపిస్త సార్. జర ఓపిక పట్టాలె" అన్నాను.

నా భుజాలు పట్టుకుని లేచేవారు. కాళ్లు వణికి మళ్లీ కూలబడేవారు. వారాలు గడిచేకొద్దీ తొడల్లో కండ కరిగింది, ఒంటి బరువు మాత్రం అలాగే ఉంది. ఒకరోజు తొడ తడిమి చూసుకుని, "ఈ లెక్క పిల్లలకి నేనే చెప్పానమ్మా. ఈ ఒళ్లు ఇక నిలబడదు" అన్నారు. ఆ తరవాత ఆయన లేవడానికి చెయ్యి చాపలేదు. మంచం మీదే కాళ్లు ఆడించి వచ్చేదాన్ని. వీపున పుండ్లు పడ్డాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది.

ఇప్పటికీ ఏ రోగి లేచి నిలబడ్డా, బరువు ఎక్కడ ఆనుతోందో ముందు చూస్తాను. ఆ చూపు సార్ ఇచ్చిందే. సార్‌కే అది అక్కరకు రాలేదు.

ఆ సోమవారం సాయంత్రం నేను వెళ్లేసరికి సార్‌ని శ్మశానానికి తీసుకెళ్లిపోయారు. గది కడిగి ఉంది. పట్టుకుని నడవడానికని నేను కొనిపించిన వాకర్ గోడకు ఆనించి ఉంది. దాని కాళ్ల అడుగున రబ్బరు ఇంకా కొత్తగా, నల్లగా మెరుస్తోంది.