మూడో కిటికీ కింది గచ్చు

గచ్చమ్మ అసలు పేరు ఆమె మొగుడికే గుర్తుండేది కాదు. ఆ మేస్త్రి పోయి ఆరేళ్లయింది. ఆమె మాత్రం అరవై దాటినా తాపీ దించలేదు. నగరంలో సున్నం పనివాళ్లంతా సిమెంటుకు మారిపోవడంతో, నూరేళ్లనాటి గ్రంథాలయం వీధి గోడ బాగుచేయడానికి ఇంజనీరు ఆమె గుమ్మం ఎక్కక తప్పలేదు. రెండుసార్లు తిప్పి పంపి, మూడోసారి ఒప్పుకుంది.

పరంజా మీద ఆమెకు తోడు కోడలు. వేలి కణుపుతో గోడను తట్టడం, డొల్లగా పలికిన చోట సుద్దతో గీత పెట్టడం, గీత పడిన చోట గచ్చు పూతను ఊడదీయడం. మూడో కిటికీ దగ్గరికి వచ్చేసరికి గచ్చమ్మ తల ఎగరేసింది.

"ఇది మీ మావయ్య చెయ్యి. ఇరవయ్యేళ్లయింది, గోరంత పెచ్చు రాలిందేమో చూడవే!"

ఈ మాట కోడలు పెళ్లయిన వారం నుంచీ వింటోంది.

"రాల్లేదు సరే. చుట్టూ ఇటుకలే ఎందుకు పొడైపోతున్నాయత్తా?"

"నోరు మూసుకుని తట్టు."

కోడలు తట్టింది. గచ్చమ్మా తట్టింది. మంచి సున్నం గచ్చు నిండుగా, మెత్తగా పలుకుతుంది. ఇది ఠంగుమంది. సిమెంటు! లోపలి చెమ్మ బయటికి పోయే దారిలేక పక్క ఇటుకల్ని తినేస్తోంది. ఇన్నేళ్లూ కింద నిలబడి మురిసిందే తప్ప, ఎక్కి తట్టింది లేదు. మూడు రోజుల పని ఒక్కరోజులో ముగించాడని అప్పట్లో మొగుణ్ణి మెచ్చుకున్నదీ తనే.

అంతలో ఇంజనీరు పైకొచ్చి తట్టి చూశాడు.

"భలే గట్టిగా ఉందమ్మా. మేస్త్రిగారి పని కదూ? దీన్ని ముట్టుకోకండి."

కోడలు అత్త మొహంకేసి చూసింది. వదిలేస్తే మొగుడి పేరు నిలుస్తుంది, కిటికీ నిలవదు.

"అది సిమెంటు బాబూ. కొట్టెయ్యాలి."

"మరి మేస్త్రిగారు..."

"ఆయన పనే. తొందరపడ్డాడు. నాకు చెప్పలేదు. చెప్పుంటే ఆ పూట అన్నం పెట్టేదాన్నా?"

సుద్దతో తనే పెద్ద గీత పెట్టింది. ఉలి కూడా ఎవరికీ ఇవ్వలేదు. పొడైన ఇటుకలు తీయించి కొత్తవి పెట్టించింది. ఈసారి తొందర లేకుండా, ఒక్కో పొరా ఆరనిచ్చి గచ్చు మెత్తడానికి పన్నెండు రోజులు పట్టింది.

అది ఆరాక కోడలు నవ్వుతూ అడిగింది.

"ఇక ఇది మా అత్త చెయ్యి అని చెప్పుకోనా?"

"చెప్పుకునే ముందు తట్టి చూడు," అంది గచ్చమ్మ.