రెండు చెవులూ కనిపించాలి

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే అలవాటుంది. మా వంశంలో ఎవరికీ లేదు, నేనే సొంతంగా సంపాదించుకున్నాను. జానెడు పామును బారెడని చెప్పకపోతే ఆ పూట నాకు అన్నం సహించదు. కాబట్టి ఈ కింద రాసినదాంట్లో ఎండను సగానికి, జనాన్ని పదో వంతుకు, మా బావ మీసాలను మీకు తోచినంతకు తగ్గించుకుని చదవండి. తగ్గించుకున్నా అనుమానం తీరకపోతే చివరిదాకా ఓపిక పట్టండి, ఏది కల్పించానో నేనే ఒప్పుకుంటాను.

మొన్న మా గోదావరిఖనిలో ఒక హాల్లో ఫొటోల ప్రదర్శన పెట్టారంటే వెళ్ళాను. కరోనా రోజుల్లో పెద్దరోడ్డు వెంట నడిచిపోయిన వలస కూలీల ఫొటోలు, ఒక్కొక్కటి తలుపంత ఉంది, అన్నీ నలుపు తెలుపు. పగిలిన మడమలు, తెగిన చెప్పులు, నెత్తిన మూటలు, కళ్ళ దాకా కట్టిన గుడ్డలు. తీసినవాళ్ళు ప్రాణాలకు తెగించి తీశారు, అందులో సందేహం లేదు. నేను మాత్రం హాలంతా రెండు చుట్లు తిరిగి, ఒక్క ఫొటోలోనైనా మనిషికి రెండు చెవులూ కనిపిస్తున్నాయా అని వెతికాను. కనిపించలేదు. ప్రదర్శన చూసుకుంటున్న అమ్మాయి నన్ను గమనించి, “అంకుల్, మీరు గూడ ఫొటోలు తీసేటోళ్ళట గద, గిట్లాంటివి తీసిన్రా ఎప్పుడన్న?” అని అడిగింది. తీశానని చెప్పాను, కొంచెం ఛాతీ విరిచే చెప్పాను. ఆమె చాయ్ తెప్పించి ఇచ్చింది. చాయ్ గొంతు దిగకముందే నాకు స్వైన్ ఫ్లూ రోజులు గుర్తుకొచ్చాయి.

మన వయసువాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. తెలంగాణ ఇంకా రాలేదు, వానాకాలం వచ్చింది గానీ వానలు రాలేదు. రామగుండం ఎండలో కరెంటు తీగ మీద వాలిన కాకి మళ్ళీ ఎగరడానికి కాళ్ళు అంటుకుపోయి అవస్థ పడేది. ఆ ఎండలో టీవీవాళ్ళు రోజంతా జ్వరం గురించి చెప్పడంతో, తుమ్ము వచ్చినవాడు సందు చివరిదాకా పరుగెత్తి తుమ్మి వచ్చేవాడు. మెడికల్ షాపుల్లో మాస్కులు అయిపోతే జనం దస్తీలు కట్టుకున్నారు, దస్తీలు చాలనివాళ్ళు తువ్వాళ్ళు చుట్టుకున్నారు. మా బావ ఒక్కడికే ఏదీ సరిపోలేదు, ఎందుకంటే ఆయన మీసాలు ఏ గుడ్డ కట్టినా రెండు పక్కలా బయటికి వచ్చి, సైకిల్ హ్యాండిల్‌కు ముసుగు వేసినట్టు కనిపించేవి.

బస్టాండు వెనక నాకో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళు, రిటైరైన కార్మికుల దండల ఫొటోలు తీసేవాణ్ణి గానీ, నాకు తిండి పెట్టింది మాత్రం గని కార్మికుల గుర్తింపు కార్డుల ఫొటోలు. ఆ ఫొటోకు ఒక నియమం ఉంది: మొఖం సూటిగా ఉండాలి, రెండు చెవులూ కనిపించాలి. ఒక చెవి తగ్గితే ఆఫీసులో తిప్పి పంపేవాళ్ళు. అందుకని మొదటి షిఫ్టు దిగి బొగ్గు మొఖాలతో వచ్చినవాళ్ళను ముందు నీళ్ళ బక్కెట దగ్గరికి పంపి, తల దువ్వించి, స్టూలు మీద కూర్చోబెట్టి, “చెవులు, చెవులు!” అని అరవడం నా వృత్తిధర్మం. కొన్నేళ్ళకు అది ఎంత ముదిరిందంటే, సొంత పెళ్ళిలో తెర తీయగానే నేను మొదట చూసుకున్నది మా ఆవిడ చెవులనే.

స్టూడియోతో పాటు ఒక దినపత్రిక జిల్లా పేజీలకు ఫొటోలు పంపేవాణ్ణి. ఒకరోజు పొద్దున్నే డెస్కులో ఉండే సారు ఫోన్ చేసి, ఇళ్ళూ వాకిళ్ళూ లేని వలస కూలీల మీద పెద్ద కథనం వస్తోందని, మూతికి గుడ్డలు కట్టుకుని బిక్కుబిక్కుమంటున్న ఫొటో ఒకటి సాయంత్రానికల్లా కావాలని హుకుం జారీ చేశారు. నాకు వెతుక్కోవలసిన పని లేకపోయింది. మా మేనత్త వాళ్ళ కాలనీ చివర, కూలగొట్టడానికి గుర్తు పెట్టి వదిలేసిన పాత క్వార్టర్లు కొన్ని ఉండేవి. తలుపులు లేవు, పైకప్పులు సగం లేవు. వాటిలో ఒడిశా నుంచి వచ్చిన కూలీ కుటుంబాలు టార్పాలిన్లు కప్పుకుని తలదాచుకునేవి. వాళ్ళు పనిచేసేది కరెంటు ఫ్యాక్టరీలో బొగ్గు కాలిన బూడిదను వదిలే చెరువు కట్ట మీద. సాయంత్రం బూడిద రంగులో, కళ్ళు తప్ప అన్నీ గుడ్డలో చుట్టుకుని వరసగా నడిచి వచ్చేవాళ్ళు. ఏడాదిగా రోజూ చూస్తున్నా కాలనీలో ఒక్కరికీ వాళ్ళలో ఒక్క మొఖం తెలియదు.

ఆ వారం వాళ్ళకు వచ్చిపడిన కష్టం జ్వరం కాదు, నీళ్ళు. ఆ క్వార్టర్లకు దగ్గర్లో కాలనీ నల్లా ఒకటుంది, ఆ కుటుంబాలన్నీ అక్కడే పట్టుకునేవి. ఈ జ్వరం రైళ్ళలో వస్తోందని, బయటినుంచి వచ్చినవాళ్ళే మోసుకొస్తున్నారని పుకారు లేచేసరికి, మేనత్త కొడుకు, కాలనీ పెద్దగా చలామణీ అవుతున్న మా బావ నల్లాకు గొలుసు చుట్టి తాళం వేసేశాడు. కాలనీవాళ్ళకు ఇళ్ళలో నల్లాలున్నాయి. లేనిది వాళ్ళకే. బొగ్గు తవ్వేసి వదిలిన గుంతలో మడుగు ఉంది గానీ, అందులో నీళ్ళు పశువులు కూడా ఆలోచించుకుని తాగేవి. ఇంకొన్ని రోజులు ఇలాగే సాగితే మూటలు సర్దుకోవడం తప్ప వాళ్ళకు దారి లేదు.

ఇదేం పని బావా అని అడిగితే ఆయన మీసాలు సవరించుకుని, “నీకేంది బామ్మర్దీ, ఫొటో కొట్టుకోని పోతవ్. పోయిన వారం నా బిడ్డ జ్వరంతోని దవాఖానల ఉన్నప్పుడు రాత్రంత కూసున్నది నేను. మళ్ళ గట్ల కూసుండుడు నాతోని కాదు” అన్నాడు. పాపకు వచ్చింది మామూలు జ్వరమేనని డాక్టరు చెప్పాడు, అది ఆయనకూ తెలుసు. అయినా తాళంచెవి తీసుకెళ్ళి ఇంట్లో మేకుకు తగిలించాడు.

సరే, మధ్యాహ్నం వెళ్ళాను. నిజమైన పత్రికా ఫొటోగ్రాఫరైతే చెట్టుచాటు నుంచి తీసేవాడు. నేను స్టూడియో మనిషిని కదా, అలవాటుగా నీలం తెర చంకన పెట్టుకుని వెళ్ళాను. మేనత్త ఇంట్లోంచి ఆమెకు చెప్పకుండా స్టూలు కూడా పట్టుకుపోయాను. తలుపు లేని ఒక గుమ్మానికి తెర కట్టి, ముందు స్టూలు వేసేసరికి, ఆ ఇంటి ఇల్లాలు వచ్చి నిలబడింది. చంకలో చంటిపిల్ల. కాళ్ళు నొప్పి చేసి ఆ రోజు పనికి వెళ్ళని భర్త వెనకాలే కుంటుకుంటూ వచ్చాడు. ఇద్దరికీ మూతుల మీద గుడ్డలు ఉన్నాయి, కళ్ళలో బిక్కుబిక్కు ఉంది, సారు అడిగిన ఫొటో అచ్చంగా నా ఎదుట నిలబడి ఉంది. నేను ఏం చేశానో తెలుసా? “గుడ్డలు తీసెయ్యుండ్రి, మొఖాలు కడుక్కోని రాండ్రి, చెవులు కనవడాలె!” అని అరిచాను.

“దో మినిట్, భయ్యా” అని ఆమె లోపలికి పరుగెత్తింది. వచ్చేసరికి ముగ్గురి మొఖాలూ కడిగిన పళ్ళేల్లా ఉన్నాయి. ఆమె తల నున్నగా దువ్వుకుంది, భర్త ఎవరిదో గడియారం అడిగి పెట్టుకుని వచ్చాడు, అది ఆగిపోయి ఉంది. స్టూలు మీద కూర్చుని, పక్కన భర్త నిలబడగా, చంటిదాని జుట్టును ఆమె రెండు వేళ్ళతో వెనక్కి నెట్టి పట్టుకుంది, ఆ బుజ్జి చెవులు కూడా పడాలని. భార్యాభర్తలిద్దరూ కళ్ళార్పకుండా, బిగుసుకుపోయి, ఎవరో ఉద్యోగం ఇవ్వబోతున్నట్టు కెమెరాలోకి చూశారు.

సాయంత్రం డెస్కు సారు ఫోన్లో అరిచిన అరుపుకు మా స్టూడియో గోడమీది దేవుడి పటాలు కూడా ఒక పక్కకు ఒరిగాయి. “ఏందయ్యా ఇది? నేనడిగింది స్వైన్ ఫ్లూ, నువ్వు పంపింది పెళ్ళిచూపులు! బాధ ఏది? మాస్కు ఏది?” అన్నారు. బాధ చెవుల వెనక ఉంటుంది సార్ అన్నాను. ఫోన్ పెట్టేశారు. అయినా పేజీలో ఖాళీ మిగలడంతో చచ్చినట్టు అదే వేశారు.

మర్నాడు పొద్దున కాలనీలో జరిగింది మీరు చూసి ఉండవలసింది. పేపరు పట్టుకుని వందమంది ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చారు. “అయ్యో, మోరీల వడ్డ నా స్కూటీని లేపింది గీ అన్ననే గద!” అని ఒకామె, “గీ పిల్ల నా సెల్లె లెక్కనే ఉన్నది” అని ఒకామె. అందరూ కట్టకట్టుకుని మా బావ ఇంటిమీదికి నడిచారు. ఆ దుమ్ము గోదావరి దాటి గోలేటి దాకా కనిపించిందని అక్కడి చుట్టాలు తరవాత చెప్పారు. మా బావ మీసాలు దించుకుని వచ్చి, స్వయంగా గొలుసు విప్పాడు. ఒక్క ఫొటో, రెండు చెవులు, నల్లా ధారగా పడింది. ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళలో, దుకాణాల ముందు, రైలుపెట్టెల్లో ఈ కథ నేను ఇలాగే చెబుతూ వచ్చాను.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు. వాటి చోట గనిలోంచి తీసిపోసిన మట్టి ఒక గుట్టగా పెరిగి, దానిమీద తుమ్మలు మొలిచాయి. కట్ట పని అయిపోయాక వాళ్ళు ఎటు వెళ్ళారో ఎవరికీ తెలియదు. ఆ ఫొటో కూడా నా దగ్గర లేదు, ఒక పెళ్ళికి కెమెరా కార్డు ఖాళీ చేసుకుంటూ చెరిపేశాను. గుర్తింపు కార్డులకు ఇప్పుడు మిషనే ఫొటో తీసుకుంటుంది, మొఖం కడుక్కోమని ఎవరినీ అడగదు. కరోనాలో అదే పెద్దరోడ్డు మీద ఆ నడిచేవాళ్ళను మా ఊరివాళ్ళందరూ ఫోన్లలో ఫొటోలు తీశారు, నేనూ తీశాను, దూరం నుంచే. రమ్మని, కూర్చోమని, స్టూలు వేసినవాళ్ళు మాత్రం నాకు కనిపించలేదు. నేనూ వేయలేదు.

ఇక మాట ఇచ్చినట్టు ఒప్పుకోవాలి. కాకి కాళ్ళు, గోలేటి దుమ్ము సంగతి మీకు ముందే తెలుసు. నేను కల్పించింది ఆ మర్నాటి పొద్దున మొత్తం. వందమంది ఆడవాళ్ళు రాలేదు, ఒక్కరు కూడా రాలేదు. ఆ ఫొటో మర్నాడు కాదు, ఆ తరవాతి రోజు వచ్చింది, పరుపుల దుకాణం ప్రకటన కింద, తపాలా బిళ్ళంత. చెవులు ఎక్కడున్నాయో తీసిన నాకే కనపడలేదు. అప్పటికే నల్లా తెరుచుకుని రెండు రోజులైంది.

జరిగింది ఇది. నేను ఫొటో తీస్తుండగానే మా మేనత్త తన స్టూలు కోసం వచ్చింది. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే పాస్టరుగారు మైకు కట్టేయించేవారు, అంతటి గొంతుతో తిట్టుకుంటూ వచ్చింది, జ్వరమున్నవాళ్ళు కూర్చున్న స్టూలు మళ్ళీ ఇంట్లో ఎట్లా పెట్టుకోవాలని. గుమ్మం దాకా వచ్చి స్టూలు మీద కూర్చున్న ఆ ఇల్లాలిని చూసింది, తడి ఆరని మొఖం, చంకలో పిల్ల. ఆమె పక్కన బోర్లించిన బిందెను చూసింది. ఆ పూటకు వాళ్ళకు మిగిలిన తాగేనీళ్ళు ముగ్గురి మొఖాలు కడగడానికే అయిపోయాయి.

“ఓరి అల్లుడా, పిల్ల తాగే నీళ్ళతోని మొఖాలు కడిగిపిచ్చినవురా? నీ ఫొటో పాడుగాను!” అంది. నేను ఏదో అనబోయేలోగా ఇంటికి వెళ్ళి, మేకుకు వేలాడుతున్న తాళంచెవి తెచ్చి, గొలుసు విప్పి, బిందె తనే కింద పెట్టింది. మా బావ అడ్డం వస్తే, “జరమొస్తే నాకు రానీ తియ్, నువ్వు పక్కకు జరుగు” అంది, మామూలు గొంతుతోనే. బావ జరిగాడు.

బిందె నిండాక ఆమె చేతులు దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయింది. స్టూలు కోసం వచ్చిన మనిషి, స్టూలు అక్కడే వదిలేసి వెళ్ళింది. కట్ట పని అయి వాళ్ళు వెళ్ళిపోయేదాకా అది వాళ్ళ గుమ్మంలోనే ఉంది. ఇందులో నేను గోరంత కూడా పెంచలేదు.