నేను చెవిటివాడినైన వారం

ఇది చదివాక నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఎక్కడైనా కనిపిస్తే నా చెవుల సంగతి మాత్రం అడగకండి. ఒక్క క్రిస్మస్ పాట రాద్దామని కూర్చుని, ఇంటిల్లిపాదినీ ఏడిపించి, సంఘమంతటి చేత ప్రార్థన చేయించుకుని, చివరకు నిండు చర్చిలో పరువు పోగొట్టుకున్న ఘనుడిని నేను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. గిద్దలూరులో బోరు మోటార్లకు వైండింగు చేసే దుకాణంలో పని. కొమరోలు దారిలో ఉండే మా ఊరి నుంచి పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వచ్చేవాడిని. ఇంట్లో నేను, నా భార్య రూతు, మా అవ్వ. అవ్వ అంటే మా నాయనకు అమ్మ. నాయన పోయి అప్పటికి రెండేళ్లు.

అంతకు ముందు ఏడు మా చర్చి కోసం ఒక పాట కట్టాను. అప్పటినుంచి నా నడకే మారిపోయిందని రూతు అనేది. డిసెంబరు రాగానే పాస్టరయ్య పిలిచి, "దానియేలూ, ఈసారి కూడా కొత్త పాట నువ్వే కట్టాల" అన్నారు. అంతే, పండగ ముందు వారమంతా దుకాణానికి సెలవు పెట్టేశాను.

స్ఫూర్తి అనేది సద్దుమణిగిన చోటికే వస్తుందని నా నమ్మకం. మా అరుగు మీద సద్దుకు కొదవ లేదు. ఒక పక్క కోళ్లు, ఇంకో పక్క చాటలో కందులు చెరుగుతూ తనలో తాను ఏదో చెప్పుకునే అవ్వ.

"అవ్వా, రోంతసేపు మాట్లాడకుండా ఉండు. పాట రావాల."

"వచ్చేది బస్సా నాయనా, నేను అడ్డం నిలబడితే ఆగిపోయేదానికి?"

ఇలాంటి వాళ్ల మధ్య కళ ఎట్లా బతుకుతుంది చెప్పండి. దూది తెచ్చి రెండు చెవుల్లో లోపలికంటా కుక్కుకున్నాను. ఆహా, ఏం నిశ్శబ్దం. తెల్ల కాగితం వైపు, ఆకాశం వైపు మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాను. మా గేదె తాడు తెంపుకుని నా ముందునుంచే దర్జాగా నడిచిపోయింది. దాన్ని కూడా కవి దృష్టితోనే చూశాను.

రూతు పరిగెత్తుకొచ్చింది. పెదవులు కదులుతున్నాయి, మాటలు మాత్రం ముక్కలు ముక్కలుగానే అందుతున్నాయి.

"ఏంది?" అన్నాను.

"గేదె పోయింది మామా, పట్టుకోకుండా చూస్తా ఉండావే."

"ఎవురు పోయినారు?"

రూతు ముఖం పాలిపోయింది. మోటార్ల రొదకు మా దుకాణంలో పెద్ద మేస్త్రీకి చెవులు దెబ్బతిన్న సంగతి ఆమెకు తెలుసు. "అవ్వా, మామకి ఇనపడటంలే" అని కేక పెట్టింది. అవ్వ వచ్చి నా చెవి వెనక చప్పట్లు కొట్టింది.

అక్కడ దూది తీసి నవ్వేసి ఉంటే ఈ కథే లేదు. కానీ నా బుర్రలో ఒక మహత్తరమైన ఆలోచన మెరిసింది. చెవిటివాడిని ఎవరూ కదిలించరు కదా. వారం రోజులు హాయిగా రాసుకోవచ్చు. విచారంగా ముఖం పెట్టి, అడ్డంగా తల ఊపాను.

అవ్వ వెల్లుల్లి కాచిన నూనె తెచ్చేలోగా పెరట్లోకి పోయి దూది పారేశాను. నటన మాత్రం పారేయలేదు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. ఊదేవాళ్లు తక్కువ. చెవిటివాడి ముందు ఉన్నమాట మాట్లాడేవాళ్లే ఎక్కువ. పరామర్శకు వచ్చిన పక్కింటామెతో రూతు నా ఎదుటే అంది: "చెవులు పోయినా మామకి పెద్ద నష్టం లేదులే అక్కా. ఉన్నప్పుడు మాత్రం నా మాట యాడ ఇన్నాడు." పోయిన ఏటి నా పాటలో 'తార' అన్న మాట పదకొండు సార్లు వచ్చిందని కూడా చెప్పింది. లెక్కపెట్టిందన్నమాట.

ఆదివారం పాస్టరయ్య నా చెవుల మీద చేతులుంచి ప్రార్థించారు. "ఈ బిడ్డను స్వస్థపరచు ప్రభువా" అని ఆయన, "నన్ను క్షమించు ప్రభువా" అని లోలోపల నేను. ఒకే ప్రభువుకు వేరువేరు దరఖాస్తులు.

పాట మాత్రం ఒక్క ముక్క రాలేదు. పండగ ఇక మూడు రోజులుందనగా సాయంత్రం అవ్వ వచ్చి నా పక్కన కూర్చుంది. ఎటో చూస్తూ మొదలుపెట్టింది.

"నీకు ఇనపడదు కాబట్టి చెప్తా ఉండా. మీ నాయనను నేను ఇంట్లో కనలేదు. మిరప చేలో కూలికి పోయింటే నొప్పులొచ్చినాయి. ఇంటికి పోయేదానికి టైము యాడిది. బండి కింద గోనెపట్ట పరిచినారు. చలికాలం. పక్కన కట్టేసిన ఎద్దు బిడ్డ మీదికి ఊపిరి వదల్తా ఉండె, వెచ్చగా. అప్పుడు మరియమ్మను తల్చుకున్నా. అమ్మా, నీకు పశువుల పాకన్నా ఉండె, నాకు బండి నీడే అన్నా. ఎవురికీ చెప్పలే. చేలో కన్నాదని నవ్వుతారని."

తన చెవులు తడుముకుంది. "ఈ కమ్మలు నాకేం పని. పండగ కాంగనే అమ్మి, నీకు ఆ చెవి మిషను కొనిస్తా. మీ నాయన ఉంటే వాడే కొనిచ్చేవాడు."

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. చెప్పలేక, తల వంచుకుని కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. ఆమె లేచేసరికి పాట పూర్తయింది. ఇన్నాళ్లూ నేను మూయించిన నోట్లోనే అది కూర్చుని ఉంది.

పండగ నాడు చర్చి కిటకిటలాడింది. వినపడనివాడు ఎట్లా పాడతాడోనని అందరూ కళ్లప్పగించారు. పాడాను.

"చేనుగట్టు పక్కన బండి నీడలోన
ఎద్దు ఊపిరి వెచ్చన, చిన్న బిడ్డ నిద్దరోయె…"

రెండో చరణం దాటకముందే ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకుంటున్నారు. పాట అయిపోయాక మొదటి వరసలోంచి అవ్వ మెల్లగా లేచి నిలబడింది.

"దానియేలూ, ఆ బండి కింద సంగతి నీకెప్పుడు చెప్పినా నేను?"

"మొన్న సాయంత్రమే కదవ్వా, అరుగు మీద" అన్నాను.

అన్న తర్వాత అర్థమైంది ఏమన్నానో. ఆడవాళ్ల వరసల్లోంచి రూతు గొంతు: "అయితే పక్కింటక్కతో నేనన్నది గూడా ఇన్నావా మామా?"

పాస్టరయ్య దగ్గు వచ్చినట్టు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు మాత్రం ఎగురుతున్నాయి. అవ్వ కర్ర పొడుచుకుంటూ వేదిక దాకా వచ్చి, నా కుడి చెవి పట్టుకుని, స్విచ్చి తిప్పినట్టు తిప్పింది. "మందు ఇదని తెలియక నూనె దండగ చేసినా" అంది. చెవి వదలకుండానే, "బాగా కట్టినావురా. మళ్లా పాడు. ఈసారి నవ్వినోళ్ల సంగతి నేను చూసుకుంటా" అంది. పాడాను. ఎవరూ నవ్వలేదు. అవ్వ కమ్మలు అవ్వ చెవులకే ఉన్నాయి.

ఆ రోజు సంఘం ముందు గంభీరంగా ప్రమాణం చేశాను, ఇంట్లో ఎవరు మాట్లాడుతున్నా 'ఉండండి, పాట రావాల' అని ఇంక అనను గాక అనను అని. అవ్వ కూడా ప్రమాణం చేసింది, నా ముందు ఇంక నోరు విప్పేది లేదని. నా మాట మీద నేను ఇప్పటికీ నిలబడే ఉన్నాను. అవ్వ మాత్రం ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గరే తప్పింది.