‘రేపు రా’ అనని టైలరు

మా టైలర్ మామ పోయిన కబురు నాకు నిచ్చెన మీద ఉండగా తెలిసింది. ఈ అరబ్బు దేశంలో తెల్లవాళ్ళు ఎక్కువుండే అమ్వాజ్‌లో ఒక ఫ్లాట్‌లో ఏసీ విప్పుతున్నాను. జేబులో ఫోను ఆగకుండా మోగుతుంటే కిందికి దిగి చూశాను. మామ పక్క కొట్లో టీ అమ్మే మలయాళీ భాయ్. “దర్జీ గయా భాయ్, మిషన్ పే హీ,” అన్నాడు. కుట్టుమిషన్ మీదే తల వాల్చేశారట. సూపర్‌వైజర్‌ని సగం రోజు సెలవడిగితే, “యల్లా, ముందు ఇది ఖలాస్ చెయ్యి,” అన్నాడు. మళ్ళీ నిచ్చెనెక్కాను. ఇంకేం చెయ్యగలను?

మామ అని పిలిచానే గాని మాకు చుట్టరికమేమీ లేదు. ఆయనది గోదావరి పక్క, మాది జగిత్యాల పక్క. ఇక్కడే ఉమ్మ్ అల్ హస్సామ్ పేటలో ఆయన కొట్టుకి మొదటిసారి డ్యూటీ ప్యాంటు పట్టుకుని వెళ్ళాను. “ఎప్పుడు రమ్మంటరు?” అని అడిగితే, “ఎప్పుడో ఎందుకు, కూర్చో,” అన్నారు. పావుగంటలో ప్యాంటు చేతిలో పెట్టారు. చేతినిండా పని ఉంటే అసలు తీసుకునేవారే కాదు, పక్క సందులో ఇచ్చుకోమనేవారు. ‘రేపు రా’ అన్న మాట మాత్రం ఆ నోట వినలేదు. పెళ్ళి డ్రెస్సు పెళ్ళైన మర్నాడు అందుకున్నవాణ్ణి కాబట్టి, అది నాకు మహా వింతగా ఉండేది.

ఇంకో అలవాటు కూడా ఉండేది. పైన విమానం పోతుంటే పెడల్ మీద నుంచి పాదం తీసేసేవారు. మోత పూర్తిగా వినపడకుండా పోయాకే మళ్ళీ తొక్కేవారు. ఈ ఊళ్ళో విమానాలకి కొదవా? ఒక్క చొక్కా కుట్టేలోపు అరడజనుసార్లు ఆగేవారు.

ఎందుకలా అని ఒకసారి అడిగాను. “మా నాన్న దగ్గర్నుంచి వచ్చిందబ్బాయ్. ఆయన పనిచేసిన చోట ఒక కుర్రాడు పదిహేడు మిషన్లు పూర్తి చేశాడు. పద్దెనిమిదో దానికి వెళ్ళి తిరిగి రాలేదు,” అన్నారు. నాకు మిషన్ అంటే కుట్టుమిషనే. ఎంత పెద్ద కొట్టో అనుకుని, “షాక్ గొట్టిందా మామా?” అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి మరీ నవ్వారు.

తప్పు నా ఒక్కడిదే కాదు. ఇక్కడ సెలవురోజైన శుక్రవారాలు ఆయన వెళ్ళే తెలుగు ప్రార్థనకి నేనూ పోయేవాణ్ణి. దేవుడి కోసమని అబద్ధం చెప్పను, ఆ తర్వాత పెట్టే అన్నం కోసం. అక్కడ ఒక పెద్దమనిషి ఈ కథే విని, మిషన్ అంటే చర్చి వాళ్ళ మిషన్ అనుకుని, పదిహేడు మిషన్లు కట్టిన ఆ దైవసేవకుడి కోసం కళ్ళు మూసుకుని సుదీర్ఘంగా ప్రార్థన చేశాడు. ఆమెన్ అన్నాక మామ మెల్లగా చెప్పారు. “సేవకుడు కాదండీ. బాంబులేసే విమానంలో పనిచేసేవాడు. మిషన్ అంటే వాళ్ళ లెక్కలో ఒకసారి వెళ్ళి బాంబులేసి రావడం.” పెద్దమనిషి గబగబా అన్నం గిన్నెల వైపు నడిచాడు.

మర్నాడు కొట్లో బీరువా పైనుంచి ఒక మూట దించి విప్పి చూపించారు. లోపల గొర్రె ఉన్ని పెట్టిన తోలు కోటు. పెద్ద యుద్ధం రోజుల్లో వాళ్ళ నాన్న బెంగాల్ వైపు ఒక విమానాల స్థావరం దగ్గర బట్టలు కుట్టేవాడట. నాలుగు ఇంజన్ల విమానాలు, ఒక్కోదాంట్లో పదిమంది దాకా ఎక్కి బర్మా మీదికి వెళ్ళేవారు. కింద ఎంత ఉడుకో, పైన అంత చలి. అందుకు ఈ కోట్లు. ఆ విమానాల్లో వెళ్ళే తెల్ల కుర్రాడొకడు క్షేమంగా తిరిగొచ్చిన ప్రతిసారీ వాళ్ళ నాన్న దగ్గరికొచ్చి, కాలరు లోపల ఎర్రదారంతో ఒక కుట్టు వేయించుకునేవాడు. లెక్కపెట్టాను, పదిహేడు.

“జిప్పు పోయిందని ఇచ్చాడంట. చెప్పిన రోజుకి నాన్న కుట్టలేదు. రేపు రా అన్నాడు. వాడు కోటు లేకుండానే ఎక్కాడు. ఆ సాయంత్రం అన్ని విమానాలూ దిగాయి, వాడిది తప్ప,” అన్నారు మామ.

“కోటుంటే బతుకుతుండెనా?” అన్నాను.

“బతికేవాడు కాదులే. అది నాన్నకీ తెలుసు. వాళ్ళేసిన బాంబులు కింద ఎవరి ఇళ్ళ మీద పడ్డాయో, అది మాత్రం ఎవరికీ తెలీదు. నాన్న చేతిలో ఉన్నది జిప్పు ఒక్కటే. అదీ చెయ్యలేకపోయాడు.”

మామకున్న కోరిక ఒక్కటే, ఆ కోటు ఆ కుర్రాడి మనుషులకి అందాలని. ప్యాంట్లు కుదించుకోడానికొచ్చే తెల్లవాళ్ళందరినీ అడిగేవారు. లోపల నాలుగు అంకెలు, రెండు ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఆనవాళ్ళేమీ లేవు. పోయినేడాది ఆయనకి ఆయాసం మొదలయ్యాక, “నువ్వు అమ్వాజ్‌లో వాళ్ళ ఇళ్ళలోకే వెళ్తావు కదా, ఎవర్నైనా అడగవూ?” అన్నారు.

అడిగాను. ఒకే ఒక్క పెద్దాయన్ని. ఆయన నా ఫోన్‌లో కోటు ఫోటో చూసి, తన ఫోన్‌లోకి పంపించుకుని, కనుక్కుంటానన్నాడు. నేను మళ్ళీ వెళ్ళేసరికి ఆ ఫ్లాట్‌లో వేరేవాళ్ళున్నారు. నాకొచ్చిన ఇంగ్లీషుకి మరొకరిని అడగాలంటే మొహం చెల్లలేదు. మామ మాత్రం ప్రతి శుక్రవారం అడిగేవారు.

“ఏమన్నారబ్బాయ్?”

“అడుగుతున్నరు మామా. వచ్చే వారం చెప్తమన్నరు.”

ఎన్ని వారాలు అలా అన్నానో నాకే తెలియదు. ఆయన తలూపి మిషన్ తొక్కుకునేవారు. ఎదుటివాణ్ణి ఒక్కరోజు కూడా తిప్పుకోని మనిషిని నేను అన్ని వారాలు తిప్పుకున్నాను. ఇప్పుడు చెప్పుకుని ఏం లాభం అని నాకూ తెలుసు. అయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఆయన శవపేటిక ఊరికి విమానమెక్కిన పూట కూడా నాకు డ్యూటీయే. సామాన్ సర్దింది ప్రార్థన వాళ్ళు. కోటు ఏం చేయాలని ఊళ్ళో ఆయన కూతురికి ఫోన్ చేసి, ఆ ఫోను నా చేతికిచ్చారు. “నీ దగ్గరే ఉంచన్నయ్యా. నువ్వు వాళ్ళని కనుక్కుంటున్నావని నాన్న ఎంతో సంతోషంగా చెప్పేవారు. ఏమన్నారు వాళ్ళు?” అంది ఆ అమ్మాయి.

“అడుగుతున్నరు చెల్లె,” అన్నాను.

కోటు ఇప్పుడు మా కూలీల క్యాంపులో నా మంచం తలాపున వేలాడుతోంది. పదిహేడో కుట్టు పక్కన, ఎర్రదారం ఎక్కించిన సూది ఒకటి గుచ్చి ఉంది. పద్దెనిమిదో కుట్టుకోసం వాళ్ళ నాన్న గుచ్చి పెట్టిందట. తుప్పు పట్టినప్పుడల్లా మామ కొత్త సూది మార్చేవారు. నిన్న చూశాను, తుప్పుకి మొన కొంచెం నల్లబడింది.